నమోదు కాని తుంగ

కోడేరు కాలవ గట్టున తుంగంతా పసుపెక్కి, మెత్తబడి, కుళ్ళి నీళ్ళలోకి ఒరిగిపోయిన సంగతి చినలంకపాడులో పసిపిల్లలకు కూడా తెలుసు. జిల్లా కేంద్రంలోని జల విడుదలల నమోదు మండలికి మాత్రం తెలియదు. పాపం, అది మండలి తప్పు కాదు. ఎవరూ చెప్పలేదు. ఒకరు చెబితే తప్ప ఏదీ తెలుసుకోకూడదన్నది ఆ మండలి పుట్టిననాడే రాసుకున్న నియమం.

చెప్పవలసింది ఎగువనున్న ఫ్యాక్టరీ వాళ్ళు. కాలవల్లో గుర్రపుడెక్క అల్లుకుపోయి నీళ్ళు కదలకపోతే దాన్ని చంపడానికి వాళ్ళొక మందు తయారు చేస్తారు. పేరు డెక్కాంతకం. మందు గొప్పదే, చల్లిన నాలుగు రోజులకి డెక్క చచ్చి ఊరుకుంటుంది. కాకపోతే డెక్క ఏదో తుంగ ఏదో దానికి తెలియదు. ఫ్యాక్టరీలో డ్రమ్ములు కడిగిన నీళ్ళూ, పాడైన సరుకూ గొట్టం గుండా కాలవలో కలిసిన ప్రతిసారీ దిగువన పచ్చగా ఉన్నదల్లా మాడిపోతూ వచ్చింది.

చినలంకపాడు చర్చి వీధిలో అందరూ చాపలు నేసేవాళ్ళే. తుంగ కోసి, చీల్చి, ఎండబెట్టి, జనపనార పడుగు మీద నేస్తారు. గంధం సారమ్మ ఆ వీధికి పెద్ద నోరు. చెయ్యెంత జోరో మాటా అంతే జోరు. తుంగ పోతే వీధికి వీధీ చేపల చెరువుల మీదకి కూలికి పోవాల్సిందే. పుట్టి బుద్ధెరిగింది మొదలు మగ్గం ముందు కూర్చున్న మనుషులు ఇప్పుడు మోకాలు లోతు బురదలో దిగి ఎవడి చేపలకో మేత వెయ్యాలా అని ఆవిడకి కడుపు రగిలిపోయింది. కుళ్ళిన తుంగ కట్ట ఒకటి చంకన పెట్టుకుని, మొగుడు యాకోబుని వెంటేసుకుని, బస్సెక్కి మండలి ఆఫీసుకి వెళ్ళింది.

జిల్లా నమోదు అధికారి మండా లింగమూర్తి గారు కుర్చీలో ఓ పక్కకి వాలి కూర్చుని ఉన్నారు. ఆయనకి చాలాకాలంగా నడుంనొప్పి. తుంగ కట్ట వాసన తగలగానే ముక్కుకి రుమాలు అడ్డం పెట్టుకున్నారు.

"ఏమిటమ్మా ఇది?"

"తుంగండి. ఫ్యాక్టరీ మందుకి చచ్చిపోయిందండి. గట్టు పొడుగునా ఇంతేనండి."

లింగమూర్తి గారు కంప్యూటర్లో ఏదో నొక్కి చూసి, తేలిగ్గా ఊపిరి పీల్చుకున్నారు. "కోడేరు కాలవలోనికి నివేదించబడిన విడుదల, శూన్యం. గత సంవత్సరమూ శూన్యమే. కావున విడుదల జరగలేదు."

"జరక్కపోతే ఇదెలా చచ్చిందండి?"

"చూడమ్మా, మండలి దృష్టిలో విడుదల అనగా నివేదించబడిన విడుదల. నివేదించబడనిది లేనిది. లేనిదాని వల్ల తుంగ ఎలా చస్తుంది? మీరే నిదానంగా ఆలోచించండి."

సారమ్మ నిదానంగా ఆలోచించింది. ఆలోచించిన కొద్దీ ఒళ్ళు మండింది. "మీరొకసారొచ్చి కాలవలో చెయ్యి పెట్టి చూడండి బాబూ! ఎలా ఉంటదో మీకే తెలుస్తది."

"నేను చెయ్యి పెడితే అది పరిశీలన అవుతుంది. మాది నమోదు శాఖ. పరిశీలన మా విధులలో లేదు." లేవబోయి అబ్బా అని మళ్ళీ కూర్చున్నారు లింగమూర్తి గారు. గొంతు కాస్త తగ్గించారు. "ఇంతకీ మీరు చాపలు నేస్తారా? డాక్టరు పరుపు మానేసి నేల మీద పడుకోమన్నాడు. ప్లాస్టిక్ చాప మీద ఒళ్ళంతా చెమట పోసి చస్తున్నాను. మంచి తుంగ చాప ఒకటి ఉంటే చూడమ్మా."

"తుంగుంటే కదండీ చాప!" అని సారమ్మ కట్ట ఎత్తుకుంది.

అక్కణ్ణించి నేరుగా ఫ్యాక్టరీకి వెళ్ళింది. మేనేజరు ఫణికుమార్ మర్యాదస్తుడు, కూర్చోబెట్టి మంచినీళ్ళిచ్చాడు. ఆ నీళ్ళు బయట్నించి తెప్పించిన సీసాలో నీళ్ళు. ఆయన నెత్తి మీద గోడకి అద్దం బిగించిన సర్టిఫికెట్ వేలాడుతోంది. శూన్య విడుదల సాధించినందుకు మండలి ఇచ్చిన ప్రశంస అది. దానికి రోజూ అగరొత్తి వెలిగిస్తారు.

"ఉన్నదున్నట్టు రాయండి బాబూ," అని అడిగింది సారమ్మ. "నేనేం పెద్ద కోరిక కోరట్లేదు. ఇంత వదిలామని రాసి పంపండి, అంతే. రాస్తే ఆఫీసాయనకి కనబడతదంట."

"ఎంత మాట! ఇన్నాళ్ళ శూన్యం సారమ్మా అది. కన్నబిడ్డలా కాపాడుకుంటున్నాం." ఫణికుమార్ వెనక్కి తిరిగి సర్టిఫికెట్ వైపు భక్తిగా చూశాడు.

తిరిగొచ్చేటప్పుడు బస్సులో యాకోబు, "పాపం, ఆ ఆఫీసాయన నడుం పట్టుకుని ఎంత బాధపడుతున్నాడో చూశావా?" అన్నాడు. సారమ్మ మొగుడి వంక ఉరిమి చూసింది.

అయితే సారమ్మ కోరిక వృథా పోలేదు. రాజధానిలో మండలి కమిషనర్ గారు విదేశాల్లో ఏదో శిక్షణకి వెళ్ళి, మెడలో కొత్త టైతో పాటు పారదర్శకత అనే మాట కూడా తగిలించుకుని తిరిగొచ్చారు. దిగీదిగగానే రాష్ట్రమంతటా నిజాయితీ పక్షోత్సవాలు ప్రకటించారు. ఎవరు తమ విడుదలలను ఎక్కువగా, ఎక్కువ ఉత్సాహంగా నివేదిస్తారో వారికి సన్మానం, వారి జిల్లా అధికారికి పదోన్నతిలో ప్రాధాన్యం. ఆఫీసుల ముందు పెద్ద పెద్ద బోర్డులు వెలిశాయి. "దాచకండి, చెప్పండి, మెప్పు పొందండి!"

ఫణికుమార్ రాత్రికి రాత్రి శూన్యం సర్టిఫికెట్ గోడ మీంచి దింపి బీరువా వెనక పెట్టాడు. ఇన్నేళ్ళ విడుదలలనూ కూడి ఒక్కసారే నివేదించాడు. మర్నాడు పేపర్లో ఆయనా లింగమూర్తి గారూ చేతులు కలిపిన ఫోటో పడింది. దాని కింద "నిజం వదిలారు" అని రాశారు.

సారమ్మ ఆ ఫోటో చూసి, చర్చికి కట్టే తెల్ల చీర తీసి కట్టుకుని మరీ ఆఫీసుకి వెళ్ళింది. "ఇప్పుడు కనబడుతోందాండి?"

"కనబడడమా! అద్భుతంగా ఉందమ్మా. ఇంత విడుదల మన జిల్లాలో ఉందని కలలో కూడా అనుకోలేదు."

"ఆయ్. అయితే ఇహ ఆపించండి."

లింగమూర్తి గారు చంటిపిల్లని చూసినట్టు చూశారు. "ఆపడం ఏమిటి? నివేదించకుండా వదిలితే నేరం. నివేదించి వదిలితే అది పారదర్శకత. ఇప్పుడు వారు చేస్తున్నది పూర్తిగా సక్రమం. నిజానికి ఇదివరకు మీ తుంగ అక్రమంగా చచ్చింది. ఇప్పటినుంచి సక్రమంగా చస్తుంది."

"ఓరి నాయనో! మరి నేను ముందుగా మీకు చెప్పి మీ నెత్తి మీద రోకలేస్తే అదీ సక్రమమేనాండి?"

"నిర్ణీత నమూనాలో చెప్పాలి," అన్నారు లింగమూర్తి గారు యథాలాపంగా. అంతలో ఏదో తట్టి, "చాప సంగతి ఏమైందమ్మా?" అని అడిగారు.

పక్షోత్సవం సగంలో ఒక అనర్థం జరిగింది. పొరుగు జిల్లాలో ఎవరో మనకంటే ఎక్కువ నివేదించారు. ఆ కబురు విని లింగమూర్తి గారికి నడుంనొప్పి మెడదాకా పాకింది. ఫణికుమార్‌ని పిలిపించారు.

"ఏమయ్యా, మన జిల్లా వెనకబడింది. ఇంకా ఏమైనా ఉంటే నివేదించండి."

"ఉన్నదంతా చెప్పేశాం సార్. ఇంక చెప్పడానికేం లేదు."

"లేకపోతే అబద్ధం రాస్తారా? జాగ్రత్త! ఇవి నిజాయితీ పక్షోత్సవాలు. ఒక్క లీటరు ఎక్కువ రాసినా ఊరుకోను." లింగమూర్తి గారు వేలు ఆడించారు. "రాసేది ఎంతో ముందు అంత వదలండి. వదిలి, నిజం రాయండి."

ఫణికుమార్‌కి మొదట మింగుడు పడలేదు. ఫ్యాక్టరీలో పాడైన సరుకు ఎప్పుడో అయిపోయింది. మంచి సరుకు వదలాల్సి వచ్చింది. అందుకు పాత గొట్టం చాలదని కొత్త గొట్టం వేశారు. దానికి పసుపు రాసి, రిబ్బను కట్టి, కొబ్బరికాయ కొట్టి, లింగమూర్తి గారి చేత ప్రారంభోత్సవం చేయించారు. చర్చి వీధి ఆడవాళ్ళు ఆవలి గట్టున నిలబడి చూస్తుంటే రిబ్బను ముక్క మందునీళ్ళలో తేలుతూ వాళ్ళ ముందు నుంచే వెళ్ళింది. కాలవలో చేపలు అంతకు ముందే వెల్లకిలా తేలాయి, ఇప్పుడు తేలడానికేమీ మిగల్లేదు. లారీల్లో మందు కొనుక్కుపోయే వాళ్ళు కూడా రావడం మానేశారు. జిల్లాలో చంపడానికి డెక్క ఎక్కడుంది గనక? ఫ్యాక్టరీ మాత్రం ఆగలేదు. మధ్యలో కొనేవాడి బెడద లేకుండా తయారైన మందు తయారైనట్టే కాలవలోకి పోతోంది. ఇంత నిరాటంకమైన ఉత్పత్తి ఎక్కడా చూడలేదని కమిషనర్ గారు ప్రత్యేకంగా మెచ్చుకున్నారు.

మెచ్చుకుని ఊరుకోలేదు. ప్రభావం తెలియని విడుదలకి పరిపూర్ణత లేదని ఆయనకి తోచింది. దాంతో నష్టపోయిన వాళ్ళకి కూడా ఒక సన్మానం పెట్టారు, దాని పేరు ఉత్తమ నష్ట నివేదిక. ఈసారి లింగమూర్తి గారే జీపు వేసుకుని చర్చి వీధికి వచ్చారు.

"సారమ్మా, నీ అదృష్టం పండింది! తుంగ నష్టం నివేదించు. శాలువా కప్పుతారు."

"నష్టం రాస్తే మందు ఆగుతదాండి?"

"మందు ఆగితే వచ్చే ఏడు నివేదించడానికి నీకు నష్టం ఎక్కణ్ణించి వస్తుంది? ముందుచూపు ఉండాలమ్మా."

సారమ్మకి వాణ్ణి అక్కడే చీపురు తిరగేసి కొట్టాలనిపించింది. కానీ ఒక్కటి ఆలోచించింది. ఇన్నాళ్ళూ తుంగ చచ్చిందని చెబితే చావలేదన్న నోరు ఇది. ఇవాళ చచ్చిందని రాసుకుంటానంటోంది. పోనీ, చచ్చినదాన్ని చచ్చిందనైనా ఒప్పుకున్నారు. సంతకం పెట్టింది. ఎంత నష్టం అన్నచోట లింగమూర్తి గారే చక్కగా "నూటికి నూరు శాతం" అని నింపుకున్నారు. పొరుగు జిల్లాలో ఎవరో తొంభై మాత్రమే రాశారట. అక్కడికక్కడే ఫోన్లోంచి రాజధానికి పంపించేశారు కూడా.

అంతా సవ్యంగా ముగిసేదే. జీపెక్కబోతూ లింగమూర్తి గారు నడుం పట్టుకుని అమ్మా అన్నారు. యాకోబు గుండె కరిగిపోయింది.

"అయ్యగారూ, అంత బాధపడకండి. గట్టు మీద తుంగ పోతే పోయింది. సమాధుల వెనక విత్తు మడి ఉంది కదా. మీకోసం ఒక్క చాపకి కోసిపెడతాను."

వీధిలో ఆడవాళ్ళందరి చేతులూ ఎక్కడివక్కడ ఆగిపోయాయి.

ఆ మడి సంగతి బయటివాళ్ళ దగ్గర ఎత్తకూడదు. తాతల నాటి కట్టడి అది. చర్చి సమాధుల వెనక పల్లంలో వాన నీళ్ళు నిలిచే చోట కాస్త తుంగ పెంచుతారు. అక్కడికి కాలవ నీళ్ళు రావు. వరదకి గట్టు కోసుకుపోయిన ఏడు ఆ మడిలోంచే దుబ్బులు తీసి గట్టున మళ్ళీ నాటుకుంటారు. మామూలు రోజుల్లో దాని మీద కొడవలి పెట్టరు. దిష్టి తగులుతుందని అది ఏపుగా ఉందని కూడా అనరు. ఎవరైనా అక్కడ ఏముందని అడిగితే చెప్పాల్సిన జవాబు ఒకటే ఉంది, "ఏముంది, ఏమీ లేదు." యాకోబు పుట్టిన దగ్గర్నించీ ఆ జవాబే చెప్పాడు. ఇవాళ ఒక గెజిటెడ్ నడుంనొప్పి చూసి మర్చిపోయాడు.

లింగమూర్తి గారి మొహం ముందు వికసించింది. తర్వాత తెల్లగా పాలిపోయింది. "ఉందా? తుంగ ఉందా? నూటికి నూరు శాతం నష్టమని పంపించేశానే! రేపు కమిషనర్ గారు స్వయంగా ధ్రువీకరణకి వస్తున్నారు. ఒక్క పరక నిలబడి ఉన్నా అది అసత్య నివేదిక. నా ఉద్యోగం పోతుంది!"

జీపు దుమ్ము లేపుకుంటూ వెళ్ళింది. సారమ్మ మొగుడి వంక తిరిగింది. "ఆయన నడుం బాగుచేద్దామని మన నడుం విరగ్గొట్టావు కదరా సచ్చినోడా!" అని ఏడ్చింది. మగ్గం ముందు ఎన్నడూ ఏడవని మనిషి ఏడుస్తుంటే యాకోబుకి ఎటు చూడాలో తెలియలేదు. ఆ మడి పోతే మళ్ళీ నాటడానికి ఒక్క దుబ్బు మిగలదు. అదీ పోతే చర్చి వీధి చాప నేయడం మర్చిపోవాల్సిందే.

మర్నాడు పొద్దున్నే లింగమూర్తి గారు వచ్చారు. వెనక ఒక మనిషి వీపుకి డెక్కాంతకం నింపిన స్ప్రే డబ్బా తగిలించుకుని ఉన్నాడు. సారమ్మ అప్పటికే మడి మధ్యలో నిలబడి ఉంది. తుంగ ఆవిడ నడుం దాకా ఉంది. మడి గట్టున చర్చి వీధి ఆడవాళ్ళందరూ ఉన్నారు.

"అడ్డు తప్పుకోమ్మా. ఇది ప్రభుత్వ నివేదిక పరిరక్షణ చర్య."

"దేన్ని చంపుతారండి?"

"ఈ తుంగని."

"ఏ తుంగండి?"

"ఏ తుంగేమిటి! నీ చుట్టూ ఉన్నది!"

"మీ నివేదికలో ఉందాండి?"

"నివేదికలో లేదు కనకే కదా..." లింగమూర్తి గారు ఆగారు.

"లేనిదాని వల్ల తుంగ చావదన్నారు కదండీ మీరు. నేను నిదానంగా ఆలోచించుకున్నాను. మరి లేని తుంగ మందుకి ఎలా చస్తదండి? పోనీ చల్లండి. చల్లింది విడుదల అవుతదా, అవదా?"

"అవుతుంది," అన్నారు లింగమూర్తి గారు నీరసంగా.

"నివేదించాలా, అక్కర్లేదా?"

"నివేదించాలి. లేకపోతే నేరం."

"దేని మీద చల్లారో అది రాయాలాండి?"

లింగమూర్తి గారి నుదుట చెమట పట్టింది. రాయాలి. రాయకపోతే కంప్యూటరు తీసుకోదు. తుంగ మీద చల్లామని రాస్తే నిన్న తుంగ ఉన్నట్టు. నిన్న తుంగ ఉంటే నూటికి నూరు అబద్ధం. తుంగ మీద కాదని రాస్తే ఈ రాసేది అబద్ధం. చంపాలంటే ముందు అది ఉందని తన చేత్తో తను రాయాలి. డబ్బా మనిషి "కొట్టమంటారా సార్?" అని అడిగాడు. 

అంతలో కమిషనర్ గారి కారు వచ్చింది. ఆయన దిగి, చుట్టూ చూసి, గాలికి ఊగుతున్న పచ్చని మడి దగ్గర చూపు ఆపారు.

"లింగమూర్తీ, ఆ పచ్చగా కనబడేది ఏమిటి?"

లింగమూర్తి గారు సారమ్మ వైపు చూశారు. డబ్బా వైపు చూశారు. "ఎక్కడ సార్?" అన్నారు.

కమిషనర్ గారు కళ్ళజోడు తీసి తుడిచి పెట్టుకున్నారు. చేతిలో ఉన్న నివేదిక చూశారు, మడి చూశారు, మళ్ళీ నివేదిక చూశారు. "అమ్మా, ఇక్కడ ఏముంది?" అని సారమ్మనే అడిగారు.

"ఏముందండి, ఏమీ లేదు," అంది సారమ్మ.

"ఏముందండి, ఏమీ లేదు," అన్నారు గట్టు మీది ఆడవాళ్ళందరూ. అలవాటైన మాట, ఒక్క గొంతులా వచ్చింది. అందరికంటే గట్టిగా యాకోబు అన్నాడు.

కమిషనర్ గారు రెండడుగులు మడిలోకి దిగి, తుంగని చేత్తో పక్కకి తోసుకుంటూ నలువైపులా పరికించారు. బూట్లు బురదయ్యాయి. "నూటికి నూరు శాతం. ఇంత కచ్చితమైన నివేదిక నా సర్వీసులో చూడలేదు. అభినందనలు!" అని లింగమూర్తి గారి భుజం తట్టి, ప్యాంటుకి అంటుకున్న తుంగ ఆకుల్ని దులుపుకుని కారెక్కారు. సన్మానం అక్కడే ఖాయమైపోయింది.

కారు మలుపు తిరిగింది. డబ్బా మనిషి బరువు దింపుకుని చెట్టు కింద కూలబడ్డాడు. ఎగువన గొట్టాలు రెండూ ఎప్పట్లాగే పనిచేస్తున్నాయి, చప్పుడు ఇక్కడికి వినబడుతోంది. లింగమూర్తి గారు నడుం మీద చెయ్యి వేసుకుని, అటూ ఇటూ చూసి, సారమ్మ దగ్గరికి వచ్చారు.

"గండం గట్టెక్కింది సారమ్మా. ఇంక ఎవరూ చూడరులే. ఇందులోంచి నాకొక్క చాప..."

"లేని తుంగతో చాపెలా నెయ్యమంటారండి?"

"అలా అనకమ్మా. నిన్న యాకోబు మాటిచ్చాడు."

"గొట్టాలు మూయించండి. గట్టున మళ్ళీ నాటతాను. అక్కడ మొలిచిన మొదటి తుంగ మీకే."

"గొట్టాలు నా పరిధిలో లేవు. నొప్పి మాత్రం భరించలేకుండా ఉన్నానమ్మా, నిజం."

సారమ్మ మడిలోంచి గట్టెక్కి, చీర కుచ్చిళ్ళ తడి పిండుకుంది.

"మీ నొప్పి ఎక్కడైనా నమోదైందాండి?"

"లేదు."

"అయితే లేనట్టేనండి. జీపెక్కండి."